గిడుగు రామమూర్తి పంతులుగారి చదువు

తెలుఁగున ‘చదువు’ అను నొక్కమాట రెండు పనులకుఁ జాలుచున్నది. గ్రంథమును ముందిడుకొని యందలి యక్షరములను బలుకుటయుఁ జదువే. విద్య యంతయుఁ జదువే. ‘చదువుకొన్నవాఁడు’ అన్నచో విద్యావంతుఁడని యర్థము గాని, యొక పుస్తకమును ముగించినవాఁడని కాదు. సంస్కృతమునఁ బఠనము, వాచనము, అధ్యయనము అని వేర్వేఱు మాటలున్నను వాని హద్దులను మన బడులు పాటింపలేదు. గురువు పాఠమును ‘చెప్పును’, శిష్యుఁడు దానిని ‘వల్లించును’, మఱునాఁడు ‘అప్పగించును’. ఈ తుదిమాట గమనింపఁదగినది. పాఠము నమ్మి యిచ్చిన సొమ్మువంటిది. ఇచ్చినది యిచ్చినట్లు, ఒక్క మాత్రయైనఁ దగ్గక, తిరిగి చెల్లింపవలయును. చెల్లించువాఁడు నడుమ నా మూటను విప్పి చూచుకొనెనా లేదా యని యడుగువారు లేరు.

ఇట్లనుటచేఁ బూర్వు లర్థమును దిరస్కరించిరని తలఁపరాదు. పాణినీయశిక్ష పాఠకాధములను ఆఱువిధములుగాఁ జెప్పినది. పాడుచుఁ జదువువాఁడు, త్వరపడువాఁడు, తల యూఁచువాఁడు, కంఠబలము చాలనివాఁడు అను వారితోపాటు, వ్రాసినదానిని జూచి చదువువానిని, అర్థ మెఱుఁగనివానిని గూడ నా వరుసలోనే నిలిపినది. అర్థము తెలియక వేదమును మోయువానిని యాస్కుఁడు భారమును మోయు స్థాణువుతోఁ బోల్చెను. కావునఁ జూచి చదువుటయు దోషమే. తెలియక చదువుటయు దోషమే. వీనిలో మొదటి దోషమును మన వీథిబడులు నిష్ఠతోఁ బరిహరించినవి. రెండవదాని విషయమున నంత నిష్ఠ చూపలేదు.

ఆగస్టు 29వ తేదిని దెలుఁగు భాషాదినముగా జరపుచున్నారు. అది గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి జన్మదినము. ఆనాఁటి యుపన్యాసములలో వ్యావహారికభాషకై పోరాడిన పంతులుగారు కనఁబడుదురు, వాదప్రతివాదములు వర్ణింపఁబడును. చదువరియైన పంతులుగారిని దలఁచువారు కొలఁది. కాని యాయన వాదమంతయు నాయన చదువులోనుండియే పుట్టినది. పదునేడవయేఁట నుపాధ్యాయుఁడై ముప్పదియేండ్లు బడిలో గడపిన యా పురుషునకుఁ బుస్తకముతోడి సంబంధ మొక్కతీరున నుండలేదు. అది యెట్లు మాఱినదో తెలియకున్న నాయన వాదము వట్టి పట్టుదలగాఁ దోఁచును.

ఆ మార్పును గుర్తింపవలయునన్నచో నాయన పుట్టుటకు నలువదియేండ్లు ముందు మన బడులలోఁ జదువనఁగా నేమియో చూడవలయును. అందుకు మంచి సాక్ష్యములు రెండు కలవు. మొదటిది తెలుఁగువానిదే. ఒంగోలు ప్రాంతమువారగు వెన్నెలకంటి సుబ్బారావుగారు (1784–1839) మద్రాసు సదరు అదాలతులో భాషాంతరీకర్తగా నుండి, 1820లో మద్రాసు స్కూలు బుక్కు సొసైటీకి దేశపు బడుల స్థితిని గూర్చి నివేదించిరి. బాలురు పద్యకావ్యములను వల్లించుచున్నారు గాని వ్యాకరణ నిఘంటువుల సాయము లేకుండుటచే వాని యర్థమును గ్రహింపలేరనియు, చెప్పు గురువులలోఁ బలువురి స్థితియు నంతియే యనియు నాయన వగచిరి. పలుభాషలు నేర్చి, వానిని బ్రతుకుదెరువుగాఁ జేసికొనిన వాని మాట యది. అర్థము తెలియని పఠనము భాషాంతరీకర్త కెంత నిరుపయోగమో వేఱుగఁ జెప్పనక్కఱలేదు.

రెండవ సాక్ష్యము బళ్లారి కలెక్టరగు కాంబెలుదొరది. గవర్నరు మన్రో 1822 జూన్ 25వ తేదీని జిల్లాలనుండి బడుల లెక్కలు కోరఁగా, 1823 ఆగస్టు 17వ తేదీని కాంబెలు సుదీర్ఘముగా బదులు వ్రాసెను. నేఁటి యనంతపురపు సీమ యప్పుడు బళ్లారిజిల్లాలోనిదే. 9,27,857 జనులుగల యా జిల్లాలో 533 బడులును, 6,641 మంది విద్యార్థులును ఉండిరి. బడులలోఁ దెలుఁగువి 226, కన్నడమువి 235. తక్కినవి మరాఠీ, పారసీక, అరవ, ఇంగ్లీషు బడులును, బ్రాహ్మణ విద్యాలయములును. ఆ బడుల దినచర్యను గూడ దొర వర్ణించెను. ఉదయమున నాఱుగంటలకే పిల్లలు చేరవలయును. మొదట వచ్చినవాని యఱచేత సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవానికి సున్న. మూఁడవవానికి మెల్లగా నొక దెబ్బ, నాలుగవవానికి రెండు, అటుపై వచ్చినకొలఁది హెచ్చు. ఇసుకలో వ్రేలితో నక్షరములు దిద్దుదురు. చేయి కుదిరిన పిమ్మటఁ దాటియాకులకును గడితములకును బోవుదురు. ముదిరిన పిల్లలు లేఁతపిల్లలకుఁ జెప్పుదురు. ఈ పద్ధతిని గాంబెలు మెచ్చుకొనెను. ఇంగ్లండు దీనిని అనుకరించుట తగియే యున్నదనెను. 1789 మొదలు 1796 దాఁక మద్రాసు అనాథబాలుర యాశ్రమమునకు అధికారియైన ఆండ్రూ బెల్లు ఇసుకవ్రాఁతను జూచి తన దేశమునకుఁ గొనిపోయిన పద్ధతికి ‘మద్రాసు పద్ధతి’ యనియే పేరు వచ్చినది. మన వీథియరుగులు సీమకుఁ బాఠము చెప్పిన సందర్భము లరుదు గనుక నీ మాట స్మరింపఁదగినది.

ఇంత మెచ్చుకొనిన దొరయే పఠనముకడకు వచ్చునప్పటికి మొగము చిట్లించెను. బాలుఁడు వేలకొలఁది పద్యములను దడుముకొనక చెప్పఁగలఁడు గాని, మాటలు నేర్చిన చిలుక కెంత తెలియునో వానికిని అంతియే తెలియుననెను. పద్యములభాషకును నింటిభాషకును నడుమ నున్న దూరమే దీనికిఁ గారణమని యాతని తలంపు. సుబ్బారావుగారి మాటయు, కలెక్టరుమాటయు మూఁడేండ్ల వ్యవధిలో నొక్కచోటనే కలియుట గమనింపఁదగినది.

అయినను జిలుక యను పోలిక పూర్తిగా న్యాయము గాదు. చిలుకకు ఛందస్సు రాదు. పదియేండ్ల బాలుఁడు కందమున గణము తప్పినచో నర్థము తెలియకయే ‘ఇది తప్పు’ అనఁగలఁడు. యతి చెడినచోఁ జెవి కొట్టుకొనును. ఆ బడి కన్నును మేల్కొల్పలేదు. మనస్సును గూడ నెక్కువగా మేల్కొల్పలేదు. చెవిని మాత్రము చక్కఁగా మేల్కొల్పినది. ఇది పంతులుగారి కథలోఁ బిదప నక్కఱకు వచ్చును.

పంతులుగారు 1863 ఆగస్టు 29వ తేదీని ముఖలింగమునకు సమీపమున, వంశధారానదీ ప్రాంతముననున్న పర్వతాలపేటలో జనించిరి. తల్లి వేంకమ్మ, తండ్రి వీర్రాజు. తండ్రి రెవెన్యూకొలువులో నుండిరి. తొలిచదువు ఆ యూరనే జరిగినది. నాఁటి యుత్తరపు జిల్లాల పల్లెలలో ‘స్కూలు’ అను మాట ప్రాఁకుచున్నను, చదువు మాత్ర మించుమించు సుబ్బారావుగారు చూచినదే. పుదూరి సీతారామశాస్త్రిగారి బాలశిక్షయు, దానినుండి పెరిగిన పెద్దబాలశిక్షయు నచ్చులో వచ్చినవి. చిన్నయసూరిగారి నీతిచంద్రిక 1853లోనే వెలువడినది. అచ్చు వచ్చినంతనే చదువుతీరు మాఱదు. అచ్చుపుస్తకమును గూడ వల్లించుటయే పని. తాటియాకు పోయి కాగితము వచ్చె నంతియ.

1875లో దండ్రి చోడవరమునకు బదిలీయై, యక్కడనే విషజ్వరమునఁ బరమపదించిరి. పండ్రెండేండ్ల బాలుఁడు విజయనగరమున మేనమామగారి యింటఁ జేరి మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలోఁ బ్రవేశించెను. గురజాడ అప్పారావుగా రచ్చట సహాధ్యాయి. ఒకే బడిలో నొకే కాలమున నీ యిద్దఱును గూర్చుండుట తెలుఁగువారి యదృష్టమని పలువు రనియున్నారు. అది నిజమే కాని, యా బడి వారికేమి యిచ్చినదో చెప్పినవారు తక్కువ. ఇంగ్లీషు పాఠమున నర్థమును విడిచి ముందునకుఁ బోవుటకు వీలులేదు. తెలుఁగుపద్య మర్థము తెలియకున్నను జెవికింపుగా నుండును. ఇంగ్లీషువాక్యము తెలియకున్న నది వట్టి మ్రోఁత. కనుక బాలుఁడు మాటమాటకు నర్థమును వెదకవలసినదే, దానిని దెలుఁగుననో నింగ్లీషుననో తిరిగి చెప్పవలసినదే. పరభాషయే యర్థముతోఁ జదువుటను మన పిల్లలకు నేర్పినదన్నచోఁ గొందఱు పండితులకుఁ గష్టముగాఁ దోఁపవచ్చును. కాని విషయ మట్లే యున్నది. ఒకే నాఁడు ఒకే బాలుఁడు ఒక గంట యర్థముతోఁ జదివి, మఱియొక గంట యర్థముతో నిమిత్తము లేక వల్లించుచుండఁగా నీ రెంటి భేద మెప్పుడో యొకప్పుడు వానికిఁ దోఁపకపోదు.

1879లో మెట్రిక్యులేషను తేఱినది. ఆ సంవత్సరముననే వివాహమును జరిగినది. 1880లోఁ బర్లాకిమిడి రాజావారి పాఠశాలలో మొదటిఫారమునకుఁ జరిత్రము చెప్పు నుద్యోగము ముప్పదిరూపాయల వేతనముపై లభించినది. నాఁటి కుపాధ్యాయునకుఁ బదునేడేండ్లు. కళాశాల చదువు చదువుటకు సదుపాయము లేదు. ఉద్యోగము చేయుచునే యింటఁ జదివి 1886లో ఎఫ్.ఏ. పరీక్షను, పిదప బి.ఏ. పరీక్షను గడతేఱిరి, బి.ఏ.లో జరిత్రమే యాయన ప్రధానవిషయము. పగలు చెప్పుట, రాత్రి చదువుట యను నీ యవస్థ నెఱిఁగిన బడిపంతుళ్లు నేఁటికిని గలరు. గురువు లేక చదువువానికి నప్పగించుటకుఁ జోటు లేదు. పుస్తకమును దానే ప్రశ్నింపవలయును, తానే యుత్తరము నరయవలయును.

చరిత్రపాఠమే పంతులుగారిని మఱియొక చదువునకు లాగినది. నాఁటి బడిచరిత్రలలో ఢిల్లీ కలదు, ఇంగ్లండు కలదు, కళింగము లేదు. పర్లాకిమిడికిఁ జేరువనే వంశధారయొడ్డున శ్రీముఖలింగమున మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరాలయములు మూఁడును నిలిచియున్నవి. మధుకేశ్వరాలయపు ఱాళ్లమీఁద గాంగరాజులనాఁటి దానశాసనములు పెక్కులు చెక్కఁబడినవి. పంతులుగారు పుట్టిన సీమ యదియే. ఊరివారు నిత్యమును జూచు నక్షరములే యవి. చదువఁగలవారు మాత్రము లేరు. తెలుఁగువ్రాఁతలే యైనను దెలుఁగు చదివినవానికిఁ గొఱుకుడుపడవు.

వానిని జదువ నేర్పినవా రెవరును లేరు. లిపిని స్వయముగానే నేర్చికొనిరి. అనఁగా బి.ఏ. చదువు చదివెడు నుపాధ్యాయుఁడు మరల నక్షరాభ్యాసమునకుఁ గూర్చుండెనన్నమాట. ఈ పని యెట్టిదో శాసనములతోఁ బరిచయము లేనివారి కొకింత చెప్పవలసియున్నది. ప్రాఁతశాసనములలో మాటకును మాటకును నడుమ నెడము లేదు. వాక్యము ముగిసినదని తెలుపు గుర్తు లుండవు. ఎ-ఏ, ఒ-ఓల హ్రస్వదీర్ఘములు వేఱుగా వ్రాయఁబడవు. ‘తెరు’ యో ‘తేరు’ యో సందర్భమే చెప్పవలయును. నేఁడు వాడుకలో లేని యక్షరములు కొన్ని ప్రాఁతవ్రాఁతలలోఁ గనఁబడును. పలుచోట్ల ఱాయి పెల్లుబికి యక్షరము సగము పోయియుండును. సున్నపుపూఁత కొన్నిటిని గప్పియుండును. చదువరి తెలిసినమాటతోఁ దెలియని మాటను బట్టుకొనవలయును. రాజునామము, శకవర్షము, దానమును గాపాడుమను వాడుక వాక్యము, వీనియందు దొరకిన యక్షరములను గొనిపోయి తక్కినచోటులఁ బెట్టి చూడవలయును. ఇచ్చట వేగమునకుఁ దావు లేదు. ఒక్కొక్క పంక్తికి నొక పూఁట పట్టవచ్చును. పద్యశాసన మైనచో మాత్ర మొక సాయము కలదు. అక్షరము చెదిరినను ఛందస్సు చెదరదు. గురువుండవలసినచోట లఘువు నిలువదు. యతిస్థానమునఁ దగనియక్షరము కుదురదు. కంటికిఁ దోఁపనిదానిని జెవి సూచించును. వీథిబడి యిచ్చిన చెవి యిచ్చట వృథ కాలేదు.

ఈ చదువునకు ఫలము శీఘ్రముగనే కనఁబడినది. నడగాములో దొరకిన వజ్రహస్తదేవుని తామ్రశాసనమును (శకము 979, అనఁగా క్రీ.శ. 1057–58) బంతులుగారు పరిష్కరించి ‘ఎపిగ్రాఫియా ఇండికా’ నాలుగవ సంపుటమునఁ బ్రకటించిరి. అందే గాంగుల రాజధానియగు కళింగనగర మేదియను ప్రశ్నను విచారించిరి. అంతకుముందు నది సముద్రతీరమందలి కళింగపట్టణమని తలఁచుచుండిరి. పేరులోని పోలికయే దానికి నాధారము. పంతులుగారు పేరును విడిచి వ్రాఁతను బట్టిరి. ముఖలింగపు శాసనముల సాక్ష్యముచే నా ముఖలింగమే కళింగనగరమని వాదించిరి. పిమ్మటి పరిశోధకులు పెక్కుఱు దీనినే యంగీకరించిరి. బడిచరిత్రలో లేని రాజధాని తన పుట్టినయూరి ప్రక్కనే యుండెనని తెలిసికొనిన చరిత్రోపాధ్యాయుని సంతోష మెట్టిదో యూహింపవచ్చును. ‘ఇండియన్ ఆంటిక్వరి’ మొదలగు పత్రికలలోను నాయన వ్యాసములు వెలువడినవి.

ఇంకొక ఫలము మెల్లగాఁ బండినది. కావ్యములను మాత్రమే చదివినవారికిఁ దెలుఁగు ఎన్నఁడును మాఱని దేవభాషగాఁ దోఁచును. శాసనములను జదివినవాని కట్లు తోఁపదు. ఒక శతాబ్దపు రూపము తరువాతి శతాబ్దమునఁ గానరాదు. పద్యమున నొకరూపము, దానిక్రిందనే గద్యమున మఱియొకరూపము. భాషయు మనుష్యులవలె వయస్సు గలదేయని ఱాయి చెప్పును. ఈ మాటను బంతులుగారు వాదమునకై కనిపెట్టలేదు. వాదము పుట్టుటకుఁ బెక్కేండ్లు ముందే ఱాళ్లమీఁదఁ జదివిరి.

ఈ కాలముననే యాయన చదువు వింతత్రోవఁ ద్రొక్కినది. పర్లాకిమిడికిఁ జుట్టును గొండలలో సవరలు కలరు. వారిభాష ముండాకుటుంబములోనిది, తెలుఁగునకును నొడియకును జుట్టము గాదు. మాటకు ముందును నడుమను జేరు వర్ణములచే నర్థము మాఱుట యందు సామాన్యము. దానికి లిపి లేదు, వ్యాకరణము లేదు, చదువుటకుఁ బుస్తకమే లేదు. పుస్తకముననే పెరిగినవానికిఁ బుస్తకము లేని విద్య యెట్లు? తెలుఁగును సవరయు వచ్చిన మనుష్యు నొకనిఁ దనయింటనే యుంచుకొని పంతులుగా రాతనిని గ్రంథముగాఁ జేసికొనిరి. పలికించుట, వినుట, వ్రాసికొనుట, తిరిగి పలికి సరిచూచుకొనుట. గొంతుకలో నాఁగు నొక ధ్వనికిఁ దెలుఁగున నక్షరము లేదు. కొన్ని యచ్చులకును నంతియే. కావున నక్షరమను నది ధ్వనికి వ్రాసికొనిన గుర్తే గాని ధ్వనియే కాదని యాయనకు నిక్కముగాఁ దెలిసినది. వర్ణసమామ్నాయమును బవిత్రముగా నెంచు సంప్రదాయమునఁ బుట్టినవానికి నిది చిన్న యెఱుక కాదు.

వినికిడి పాఠములకై కొండలకుఁ బోవుటచే మన్యజ్వరము పట్టినది. దానికి మితిమీఱఁ బుచ్చుకొనిన క్వినైను మందుచే వినికిడి చెడి, చెవుడు జీవితాంతము నిలిచినది. చెవియే సాధనముగా నొక భాషను నేర్చినవానికిఁ జెవియే పోయెను. పంతులుగారి జీవితమున దీనికంటెఁ గఠినమైన సంగతి లేదు. ఐనను బని యాఁగలేదు. కుమారుఁడు సీతాపతిగారును బిదప నీ భాషలోఁ గృషిచేసిరి. ముప్పదియైదేండ్ల శ్రమకు ఫలముగా సవరభాషావ్యాకరణ మింగ్లీషున 1931లో మద్రాసున వెలువడినది, నిఘంటువులును గూర్పఁబడినవి.

సవరబాలురకై పంతులుగారు సొంతకర్చుతో బడులు పెట్టి, వాచకములు, పాటలు, కథలు తెలుఁగులిపిలో వ్రాసిరి. మద్రాసు ప్రభుత్వమువారు వానిని 1911లోఁ బ్రకటించి, పారితోషిక మీయఁబోఁగా నాయన తీసికొనక, యా ధనముతో సవరల కొక బడి పెట్టి వారిభాషలోనే చదువు చెప్పింపుఁడని కోరిరి. రావు బహదూరు బిరుదము 1913లో వచ్చినది. బిరుదముకంటె నా వాచకములే యిచ్చట ముఖ్యములు. వానిని దెఱచిన సవరబాలుని స్థితి బళ్లారిజిల్లాలోని తెలుఁగుబాలుని స్థితికిఁ దలక్రిందులు. ఆ తెలుఁగుబాలునకు ధ్వనియంతయు నోటనున్నది, అర్థము లేదు. ఈ సవరబాలున కర్థమంతయు నింటనే యున్నది, లేనిది అక్షరమొక్కటియే. అక్షరములు కూడి మాట యగునప్పటికే యది తన తల్లి పలుకు మాట యని వాఁడెఱుఁగును. చదువనఁగా నిట్లుండవచ్చునని చూచిన యుపాధ్యాయుఁడు మరల తెలుఁగుతరగతిలోఁ బ్రవేశించినప్పు డక్కడి పిల్లవాని ముఖము వేఱుగాఁ గనఁబడకమానదు.

1906–07 ప్రాంతమున యేట్సుదొర యుత్తరపుజిల్లాల పాఠశాలలకుఁ బరీక్షాధికారిగా వచ్చి, బడిలోఁ జెప్పు తెలుఁగును బజారులో మాటాడు తెలుఁగును నేల యొక్కటి గావని యడిగెను. విజయనగరమున నప్పారావుగారును, బర్లాకిమిడిలోఁ బంతులుగారును దీనికి సమాధానము వెదకఁబూనిరి. ఈ ప్రశ్నయే వాదమునకు మూలమని సామాన్యముగాఁ జెప్పుదురు. తెల్లదొర యడుగఁగా మనవారు మేల్కొనిరనుట తేలిక. కాని యిరువదియైదేండ్లు బోధించి, ఱాళ్లు చదివి, కొండభాషను విని, చదువును గూర్చి యొక నిర్ణయమునకు వచ్చియున్నవాని కా ప్రశ్న నిప్పురవ్వయైన దనుట సత్యమునకు దగ్గఱ. ఎండిన కట్టె లేనిచోట రవ్వ పడినఁ బ్రయోజన మేమి?

తరువాతి వివాద మందఱెఱిఁగినదే. 1911లో జయంతి రామయ్య పంతులుగారి పూనికతో నాంధ్రసాహిత్యపరిషత్తు వెలసి గ్రంథభాషను గాపాడఁ బూనినది. పంతులుగారు 1913లో నింగ్లీషున నొక విజ్ఞప్తిగ్రంథమును బ్రకటించిరి. 1919లోఁ ‘దెలుగు’ అను మాసపత్రికను నడపిరి. ఆ వాదముల గుణదోషముల విచారణ యిచ్చటఁ బనిలేదు. గమనింపవలసినది యొక్కటి కలదు. ఈ సమయమునఁ బంతులుగారు పూర్వకావ్యములను విడిచిపెట్టలేదు. మునుపటికంటె నెక్కువగాఁ జదివిరి. చదువు ప్రయోజనము మాత్రము మాఱినది. బాలకవిశరణ్యమున మహాకవులే యుపయోగించిన రూపములను జూపి, యవి నాఁటి బడివ్యాకరణముల నియమములకు లోఁబడవని నిరూపించిరి. గద్యచింతామణిలోఁ బూర్వులు వచనమును వ్రాయునప్పు డెట్టి భాష వాడిరో యుదాహరణములు గూర్చిరి. టీకాకారులు మూలమును విప్పి చెప్పునప్పుడు వాడుక మాటనే యాశ్రయించిరి గదా యని యడిగిరి. పుస్తకము మాన్యమైనదే యైనను సాక్షివలెఁ బలుకవలసినదని యీ చదువు చెప్పుచున్నది. ఎవరి నోటనుండి ఏ మాట యే కాలమున వచ్చినదో దానినే వెదకుదురు.

పంతులుగారు పాఁతచదువును ద్రోసివేసిరను మాట యిందుచేతనే నిలువదు. భారతభాగవతములు నాలుకమీఁద లేనివాఁడు బాలకవిశరణ్యమును వ్రాయఁజాలఁడు. ప్రయోగము జ్ఞప్తికి రావలయునన్నచోఁ బద్యము కంఠమున నుండవలయును. వల్లించిన చదువే యా చదువును ఖండించుటకు నాయుధము లిచ్చినది. పంతులుగారి ప్రతిపక్షులలో దీనిని గ్రహించినవారు తక్కువ. అనుయాయులలో మఱియుఁ దక్కువ. వల్లెను బూర్తిగా మానిపించిన బడులనుండి యట్టి గ్రంథము లేల పుట్టలేదని వ్యావహారికమునే కోరువారును విచారింపవలసియున్నది. ఇక నీ వ్యాసపు భాష పంతులుగా రంగీకరింపని భాష. ఆయన చూచినచో, అరసున్నలలో నెన్ని తప్పులున్నవో యెఱ్ఱసిరాతో గుర్తించి, ఇంత శ్రమ యేల పడితిరని యడిగియుండెడివారు.

1936 ఏప్రిల్ 1వ తేదీన నొరిస్సారాష్ట్రము ఏర్పడి పర్లాకిమిడి యందుఁ జేరినది. తెలుఁగువారి పక్షమున దాని నెదిరించిన పంతులుగారు ప్రారంభోత్సవము నాఁటి యుదయమే యాఱుపదుల యేండ్లకు సమీపముగాఁ దా నివసించిన యూరిని విడిచి రాజమహేంద్రవరమునకు వచ్చిరి. ముఖలింగము మద్రాసురాష్ట్రమున నిలిచినది. సవరకొండలలోఁ బెక్కు హద్దున కావల పడినవి. 1940 జనవరి 22వ తేదీన మద్రాసులో నాయన పరమపదించిరి.

ఊరు విడిచిన యా 1936వ సంవత్సరముననే హద్దున కావల మంగై గొమాంగో యను సవర తన భాషకు ‘సొరాంగ్ సొంపెంగ్’ అను క్రొత్తలిపిని గల్పించెను. అందు సవరధ్వనులకు సవరయక్షరములే యున్నవి. తెలుఁగులిపిలో నచ్చుపడిన పంతులుగారి వాచకముల కప్పటి కిరువదియైదేండ్లు.